పంచాయతీ ట్రాక్టరు బ్యాటరీ ఏల దిగిపోవుచున్నది?

2019వ సంవత్సరమున ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద తెలంగాణ రాష్ట్రమందలి గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూరినవి. ప్రొద్దున చెత్త సేకరించుట, నర్సరీకిని బాటల వెంట నాటిన మొక్కలకును నీరు పోయుట, వేసవిలో బోరు ఎండిన వాడకు నీరు చేరవేయుట, ఇవన్నియు ఆ ఒక్క బండి మీద ఆధారపడిన పనులు. ట్రాక్టరు ఒక పూట కదలనిచో వీధులలో చెత్త నిలిచిపోవును. అది మే మాసమయినచో బిందెలు వరుసలో నిలిచిపోవును. అట్లు కదలని దినమున మనకు తరచుగా వినవచ్చు మాట "బ్యాటరీ దిగిపోయినది" అనునది.

ఈ మాట చెవిని పడగనే క్రొత్త బ్యాటరీ కొనుటకు తీర్మానము వ్రాయుట పలుచోట్ల అలవాటయినది. క్రొత్తది బిగించిన మరునాడు ట్రాక్టరు ఒక్క త్రిప్పుతో స్టార్టగును గనుక రోగము కుదిరినదని అందరును తలంతురు. రెండు మూడు నెలలు గడచునప్పటికి మరల అదే కథ మొదలగును. అప్పుడు బ్యాటరీ అమ్మినవానిని నిందింతురు, లేక డ్రైవరును నిందింతురు. ఒకే సంవత్సరమున రెండు బ్యాటరీలకు వ్రాసిన ఖర్చును గూర్చి ఆడిట్‌లో ప్రశ్న వచ్చినప్పుడు సమాధానము చెప్పవలసినవారు మాత్రము పంచాయతీవారే.

ఊరి నీటి ట్యాంకును ఒకసారి తలచుకొందము. తెల్లవారునప్పటికి ట్యాంకు ఖాళీగా నున్నచో క్రొత్త ట్యాంకు కట్టింతమని ఏ సభ్యుడును అనడు. మోటారు నీరెక్కించినదా, రాత్రి ఏ వాల్వయినను తెరచి యుండెనా, గొట్టము పూడినదా అని మొదట విచారించును. వీనిలో ఏదియును కాదని తేలిన పిమ్మటనే ట్యాంకునకు బీట పడినదేమో యని చూచును. బ్యాటరీ విషయమునను విచారణ సరిగా ఇట్లే నడువవలెను. బ్యాటరీ నిండకపోవుచుండవచ్చును, నిండినది కారిపోవుచుండవచ్చును, ఉన్న విద్యుత్తు సెల్ఫు మోటారునకు చేరకపోవచ్చును, ఈ మూడును కానిచో బ్యాటరీయే పాడయి యుండవచ్చును. దిగిపోయిన బ్యాటరీ వేరు, చెడిపోయిన బ్యాటరీ వేరు. ఈ భేదమును తెలిసికొనుటకు మెకానిక్కు కానక్కరలేదు. సాధారణమైన మల్టీమీటరు ఒకటి, కొంచెము ఓపిక ఉన్నచో చాలును.

బ్యాటరీ లోపల జరుగునది

ట్రాక్టరునకు వాడు సీసపు బ్యాటరీని మొదట నిర్మించినవాడు గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. అది 1859వ సంవత్సరము. ఇంజనును హ్యాండిలుతో త్రిప్పి లేపు శ్రమను తప్పించిన విద్యుత్ సెల్ఫును చార్లెస్ కెట్టరింగ్ రూపొందింపగా, అది 1912 నాటి కాడిలాక్ కార్లలో అమరినది. నాటి నుండి నేటి వరకు మూలసూత్రము మారలేదు. సీసపు పలకలును, సీసపు డయాక్సైడు పలకలును నీరు కలిపిన గంధకామ్లములో మునిగి యుండును. విద్యుత్తు వాడుకొన్నప్పుడు రెండు రకముల పలకల మీదను సీసపు సల్ఫేటు ఏర్పడును, ఆమ్లము పలుచనగును. డైనమో విద్యుత్తును తిరిగి పంపినప్పుడు ఈ మార్పు వెనుకకు నడచును. ఇట్టి గదులు 6 వరుసగా కలిసి 12 వోల్టుల బ్యాటరీ అగుచున్నది.

దిగిపోయిన బ్యాటరీని వారముల తరబడి అట్లే ఉంచినయెడల ఆ సల్ఫేటు గట్టిపడి స్ఫటికములగును. తరువాత ఎంత ఛార్జింగు పెట్టినను అది పూర్తిగా కరగదు. ట్రాక్టరు మరమ్మతునకై నెల దినములు షెడ్డులో పడియున్న పిమ్మట మంచి బ్యాటరీ కూడ చెడుట ఇందువలననే.

ఇక లెక్క చూతము. ట్రాక్టరు బ్యాటరీల సామర్థ్యము సాధారణముగ 75 మొదలు 100 ఆంపియర్-గంటల వరకు ఉండును. 80 అనుకొందము. స్టార్టు చేయునప్పుడు సెల్ఫు మోటారు 250 ఆంపియర్ల వరకు లాగుననుకొన్నను, అది పని చేయునది 4 సెకండ్లు మాత్రమే. దానికి ఖర్చగునది ఆంపియర్-గంటలో మూడవ వంతు కంటె తక్కువ. చెత్త బండిని వీధి వీధికి ఆపి దినమునకు 20 సారులు లేపినను 6 ఆంపియర్-గంటలు దాటదు. డైనమో మంచిదయినచో ఒక గంట పనిలో దీనిని తిరిగి నింపగలదు. దీనిని బట్టి, స్టార్టు చేయుట వలన మాత్రమే బ్యాటరీ దిగిపోదని స్పష్టమగుచున్నది. హెడ్‌లైట్ల మాట అట్లు కాదు. 55 వాట్ల దీపములు రెండు కలిసి గంటకు 9 ఆంపియర్-గంటలు త్రాగును. రాత్రి 9 గంటలకు ఆర్పుట మరచినచో తెల్లవారునప్పటికి బ్యాటరీ శూన్యము.

మైకుసెట్టును గూర్చి కూడ ఇచ్చటనే చెప్పుట మంచిది. చెత్త బండి వచ్చుచున్నదని తెలుపుటకు పాటలు వినిపించు పద్ధతి మంచిదే. కాని ఆ మైకుసెట్టు తీగను పలుచోట్ల స్విచ్చును ఫ్యూజును లేకుండ తిన్నగా బ్యాటరీకే చుట్టి విడచుచున్నారు. తాళముచెవి తీసి జేబులో వేసికొన్నను దానికి విద్యుత్తు అందుచునే యుండును. పాట ఆగినంత మాత్రమున యంత్రము ఆగినట్లు కాదు. పంచాయతీ ట్రాక్టరులో దొంగను వెదుకునపుడు మేము మొట్టమొదట దీనినే అనుమానింతుము.

ఉదయమున కనబడు లక్షణములు

డ్రైవరు "స్టార్టు కాలేదు" అన్నచో సభ్యులు వెంటనే అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: సెల్ఫు త్రిప్పినపుడు ఏమి జరిగినది? ఇంజను మంచి వేగముతో తిరిగియు అందుకొననిచో బ్యాటరీ నిర్దోషి. డీజిలులో గాలి చేరుట, ఫిల్టరు పూడుట వంటి కారణములను చూడవలెను. నీరసముగ మూల్గుచు తిరిగినచో బ్యాటరీ దిగినదనియైనను, మార్గములో అడ్డు ఉన్నదనియైనను తలంపవచ్చును. టక టక యను శబ్దము మాత్రము వచ్చి ఆగినచో అదియు అట్టిదే. అసలు ఏ శబ్దమును లేక, డ్యాష్‌బోర్డు దీపము కూడ వెలుగనిచో టెర్మినలు ఊడినదేమో, ప్రధాన ఫ్యూజు పోయినదేమో చూడవలెను.

రెండవ ప్రశ్న, ఎప్పుడు జరిగినది? ఆదివారము సెలవు తరువాత సోమవారము నాడే మొరాయించుచున్నచో నిలిపి యున్నప్పుడు విద్యుత్తు కారుచున్నదని అనుమానము. ఉదయము లేచి, పని మధ్యలో ఆపిన పిమ్మట లేవకున్నచో నింపు పని జరుగుట లేదని అనుమానము. ఒకనాడు లేచి, ఒకనాడు లేవక, టెర్మినలును చేతితో కదల్చగనే లేచినచో విచారణ అక్కడనే ముగిసినది. టెర్మినళ్ల మీద పేరుకొన్న తెల్లని, పచ్చని పొడిని వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, బ్రష్షుతో తోమి, బిగించి, పైన వాజలైను పూయవలెను. సోడానీరు గదులలోనికి మాత్రము పోరాదు. ఎర్త్ తీగ ట్రాక్టరు ఛాసిస్‌కు తగులు చోటును కూడ విప్పి తుప్పు గీకవలెను. దీనికి పట్టునది అరగంట.

మల్టీమీటరు చెప్పు సాక్ష్యము

కొలుచుటకు సరియైన వేళ ప్రొద్దున, ఇంజనును లేపక మునుపు. అప్పుడే ఆపిన బండిలో వోల్టులు ఉన్నవాని కంటె హెచ్చుగా కనబడును. మల్టీమీటరును డీ.సీ. 20 వోల్టుల గుర్తు వద్ద నుంచి, ఎర్ర తీగను ప్లస్సుకును నల్ల తీగను మైనస్సుకును తాకింపవలెను. 12.6 గాని అంతకు హెచ్చు గాని చూపినచో బ్యాటరీ నిండుగా ఉన్నది. 12.4 అయినచో ముప్పాతిక, 12.2 అయినచో ఇంచుమించు సగము, 12.0 అయినచో పాతిక. 11.9కి దిగువన ఉన్నచో దాదాపు ఖాళీ. 12.6కును 12.0కును మధ్య భేదము స్వల్పముగ తోచును గాని, ముప్పాతిక బ్యాటరీ ఆ స్వల్పములోనే ఇమిడి యున్నది. "12 వోల్టుల బ్యాటరీ గదా, 12 చూపుచున్నది, బాగున్నది" యనుట ఇందువలన పెద్ద పొరపాటు.

తరువాత ఒకరు సెల్ఫు త్రిప్పుచుండగా మరియొకరు మీటరును చూడవలెను. ఉదయమున 12.6 ఉన్న బ్యాటరీ త్రిప్పునపుడు 9.6కు దిగువకు పడిపోయినచో బ్యాటరీ బలము తగ్గినదని గాని, సెల్ఫు మోటారు బిగిసి మితిమీరి లాగుచున్నదని గాని అర్థము. పడిపోక 12 దరిదాపులనే నిలచి, సెల్ఫు మాత్రము తిరుగనిచో విద్యుత్తు బ్యాటరీలోనే ఉన్నది, మోటారును చేరుట లేదు. అప్పుడు తీగలను, సెల్ఫు మీది సోలెనాయిడును చూపింపవలెను గాని బ్యాటరీని మార్చుట వలన ప్రయోజనము లేదు.

ఇంజను లేచిన పిమ్మట కొంచెము వేగము పెంచి మరల కొలువవలెను. 13.8 మొదలు 14.5 వరకు చూపినచో డైనమో పని చేయుచున్నది. ఉదయము చూపిన 12 చిల్లరయే ఇప్పుడును చూపుచున్నచో నింపు పని సున్న. మొదట బెల్టును చూడవలెను. రెండు కప్పీల నడుమ బొటనవ్రేలితో నొక్కినపుడు సుమారు అంగుళములో సగము వంగుట సహజము. అంతకు మించి వంగినను, నూనె అంటి జారుచున్నను డైనమో సరిగా తిరుగదు. బెల్టు బిగించుటకు ఖర్చు లేదు. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు డైనమో ఇచ్చునది తక్కువే యని కూడ గుర్తుంచుకొనవలెను. వీధులలో ఆగుచు నడుచు చెత్త బండికి వారమున ఒకటి రెండు దినములైనను ట్యాంకరు పనియో, డంపింగు యార్డు వరకు నిండు వేగపు పనియో ఉండుట బ్యాటరీకి ఔషధము వంటిది. ఇక మీటరు 15 వోల్టులు దాటి చూపినచో రెగ్యులేటరు చెడినది. అట్టి డైనమో బ్యాటరీని నింపదు, ఉడికించును.

రెండు రాత్రుల పరీక్ష

నింపు పని సక్రమముగ జరుగుచున్నను తెల్లవారునప్పటికి బ్యాటరీ దిగుచున్నచో, కారుచున్నది ట్రాక్టరు తీగలలోనా, బ్యాటరీ లోపలనా యను ప్రశ్న మిగులును. క్రొత్తది కొనవలెనా వద్దా యను తీర్మానము ఈ ప్రశ్న మీదనే ఆధారపడి యున్నది. దీనిని తేల్చుటకు పైసా ఖర్చు లేని ఉపాయము కలదు.

ముందుగా బ్యాటరీని ఛార్జింగు దుకాణములో పూర్తిగా నింపించి బిగింపవలెను. మొదటి రాత్రి, బండి నిలిపిన మూడు నాలుగు గంటల పిమ్మట వోల్టులు కొలిచి, మైనస్సు తీగను విప్పి, టెర్మినలునకు తగులకుండ ప్రక్కకు కట్టవలెను. తెల్లవారిన పిదప మరల కొలిచి రెండు అంకెలను పుస్తకములో వ్రాయవలెను. రెండవ రాత్రి సాయంకాలము అట్లే కొలిచి, తీగను విప్పక ఎప్పటివలె ఉంచి, తెల్లవారి కొలువవలెను. తీగ విప్పిన రాత్రి 12.6 నిలచి, తీగ ఉన్న రాత్రి 12.2కు దిగినచో బ్యాటరీ నిర్దోషి. దొంగ ట్రాక్టరులో ఉన్నాడు. తీగ విప్పిన రాత్రియు దిగినచో లోపము బ్యాటరీలోనే యున్నది. రెండు రాత్రులును చెక్కు చెదరక నిలచినచో కారుటయే లేదు. నింపు పనియందో, టెర్మినళ్లయందో మరల వెదుకవలెను. కారుట మరీ స్వల్పమయినచో ఒక రాత్రిలో తేలదు. అప్పుడు సెలవు దినములు రెండు మూడు కలిసి వచ్చు సమయమున ఇదే పరీక్షను చేయవచ్చును.

దొంగ ట్రాక్టరులో ఉన్నాడని తేలిన పిమ్మట వానిని పట్టుట కష్టము కాదు. తాళముచెవి తీసివేసి, దీపములన్నియు ఆర్పి, మైనస్సు తీగను విప్పి, ఆ తీగకును మైనస్సు టెర్మినలునకును నడుమ 12 వోల్టుల, 5 వాట్ల చిన్న బల్బును కలుపవలెను. ఏమియు కారనిచో బల్బు వెలుగదు. గడియారము వంటివి లాగు కొద్దిపాటి విద్యుత్తునకు కూడ వెలుగదు. వెలిగినచో లోపల ఎవరో త్రాగుచున్నట్లే. అట్లు వెలుగుచుండగా ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయుచు పోవలెను. ఏ ఫ్యూజు తీసినపుడు బల్బు ఆరునో ఆ దారిలోనే దొంగ. అన్ని ఫ్యూజులు తీసినను ఆరనిచో ఫ్యూజు లేక తగిలించిన మైకుసెట్టు, అదనపు దీపములు, చర్మము ఊడి ఇనుమునకు తగులు తీగ, చివరకు డైనమో, వీనిని చూడవలెను. డైనమో లోపలి డయోడు చెడినచో అది పగలు నింపిన దానిని రాత్రి తానే వెనుకకు లాగుకొనును. బల్బు కలిపి యున్నంతసేపు సెల్ఫును త్రిప్పరాదు.

బల్బు సగము వెలుగులో ఉన్నచో కారునది స్వల్పమని ఉపేక్షింపరాదు. 0.4 ఆంపియరు కారినను దినమునకు దాదాపు 10 ఆంపియర్-గంటలు పోవును. 80 ఆంపియర్-గంటల బ్యాటరీ నాలుగు దినములలో సగమగును. దసరా సెలవుల పిదప ట్రాక్టరు లేవకుండుట దైవికము కాదు, ఈ లెక్కయే.

లోపము బ్యాటరీలోనే ఉన్నచో

మూతలు గల బ్యాటరీ అయినచో హైడ్రోమీటరుతో ఆరు గదులను పరీక్షింపవలెను. నిండు బ్యాటరీలో ఆమ్లపు సాంద్రత ఎంత ఉండవలెనో తయారీదారు పత్రమున ఉండును, సాధారణముగ 1.240కును 1.280కును మధ్య. ఆరు గదులును సమానముగ తగ్గినచో అది ఛార్జింగు చాలని బ్యాటరీ. ఒక గది మాత్రము తక్కిన వాని కంటె 0.050 తక్కువ చూపినచో ఆ గది చెడినది, ఇక మార్చవలసినదే. మూతలు లేని రకములో పైన ఒక రంగు కన్ను ఉండును గాని, అది ఒక్క గది సంగతినే చెప్పును. దానిని చూచి తీర్మానము వ్రాయరాదు.

మన ఎండలు బ్యాటరీకి శత్రువులు. వేడి హెచ్చుకొలది లోపలి నీరు ఆవిరియై పలకలు బయటపడును, ఆయుష్షు తగ్గును. బండిని చెట్టు నీడననో రేకుల షెడ్డుననో నిలుపుటయు, వేసవిలో పదునైదు దినములకు ఒకమారు నీటి మట్టము చూచుటయు అవసరము. పోయవలసినది డిస్టిల్డు వాటరు మాత్రమే. బోరు నీటిలోని లవణములు పలకలను పాడుచేయును. శుద్ధజల కేంద్రపు నీరు త్రాగుటకు మంచిదే గాని అందులోను లవణములు కొంత మిగిలియే యుండును, బ్యాటరీకి పనికిరాదు. ఆమ్లమును ఎవరును సొంతముగ పోయరాదు.

ఇచ్చట ప్రాణముతో ముడిపడిన రెండు మాటలు చెప్పవలసి యున్నది. ఛార్జింగు అగునపుడు బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు వెలువడును. దాని వద్ద బీడీ గాని అగ్గిపుల్ల గాని వెలిగించినచో బ్రద్దలగును. తీగలు విప్పునపుడు మైనస్సును ముందుగను, బిగించునపుడు మైనస్సును చివరను తాకవలెను. రెండవది మరింత ఘోరమైనది. బ్యాటరీ నీరసించినపుడు కొందరు నేల మీద నిలబడి స్క్రూడ్రైవరుతో సెల్ఫు టెర్మినళ్లను కలిపి ఇంజనును లేపుచున్నారు. గేరులో ఉన్న ట్రాక్టరు అట్లు లేచినచో ముందుకు ఉరికి, ప్రక్కన నిలబడినవాని మీదుగా వెనుక చక్రము పోవును. మీ డ్రైవరు ఈ పద్ధతికి అలవాటుపడి యున్నచో, బ్యాటరీ సంగతి తరువాత, ముందు దానిని నేడే మాన్పింపుడు.

అన్ని పరీక్షలును చేసిన పిమ్మట బ్యాటరీయే చెడినదని తేలినచో కొనుట న్యాయమే. బ్యాటరీ మీద ముద్రించిన తేదీని, బిల్లును, వారంటీ కార్డును ముందుగ చూడుడు; గడువు ఉన్నచో ఉచితముగ మార్చవలసి యుండవచ్చును. ఆ కార్డు ఉండవలసిన చోటు పంచాయతీ కార్యాలయపు బీరువా, డ్రైవరు సీటు క్రింద కాదు. పాతదానిని ఇంటింటికి తిరుగు పాత సామానుల వానికి అమ్మరాదు. సీసమును బహిరంగముగ కరగించుటయు, ఆమ్లమును కాలువలో పారబోయుటయు నేలకును నీటికిని విషము. సీసపు పొగ పిల్లల మెదడునకు హాని చేయును. 2022వ సంవత్సరపు బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము పాత బ్యాటరీలు నమోదయిన శుద్ధి కేంద్రములకే చేరవలెను. క్రొత్తది ఇచ్చు డీలరు వద్ద పాతదానిని అప్పగించి, దాని విలువను బిల్లులో తగ్గించి వ్రాయించుకొని, ఆ మొత్తమును పంచాయతీ లెక్కలలో చూపవలెను. రెండు రాత్రుల పరీక్షలో వ్రాసికొన్న అంకెల కాగితమును కూడ ఆ బిల్లునకు జతపరచుడు.